గోడయు గుమ్మమును

ధర్మవిచారము చేయువారు సామాన్యముగా పెద్ద విషయములనే చేపట్టుదురు. యుద్ధము న్యాయమా, రాజు నెదిరింపవచ్చునా, సత్యమునకై ప్రాణములు విడువవలయునా యను ప్రశ్నలు పూర్వమునుండియు పండితుల బుద్ధికి పదును పెట్టుచున్నవి. కాని సంసారము చేసికొనువానికి అట్టి ప్రశ్నలు జన్మమున నొక్కమాఱైన ఎదురగునో లేదో. వానికి ప్రతిదినమును తగులు ప్రశ్నలు వేఱు. ఈ వీథిలో నాకు ఇల్లు దొరకునా, ఆసుపత్రిలో నా పేరు వ్రాసికొందురా, ఈ కాగితమును ఎవరి చేతి కీయవలయును? వీనికి సమాధానము చెప్పువారు ఋషులు కారు, రాజులును కారు. స్థానిక పాలకమండలులలో కూర్చుండు సామాన్య గృహస్థులు, వారిచే నియమింపబడిన గుమాస్తాలు. ధర్మము గ్రంథములలో నివసించునేమో కాని, అది జనుల నంటుట ఇట్టి చిన్న గదులలోనే.

ఇందుకు దృష్టాంతముగా అమెరికా సంయుక్తరాష్ట్రములలోని కౌంటీ పరిపాలనను తీసికొందము. కౌంటీ యనగా రాష్ట్రమునకు లోబడిన స్థానిక పరిపాలనాభాగము. మన పూర్వపు జిల్లాబోర్డుల నెఱిగినవారికి దాని స్వరూపము కొంతవఱకు ఊహకు వచ్చును. ఆ దేశమున నిట్టివి 3,000కు పైగా కలవు. పెక్కు కౌంటీలలో ప్రజలచే నెన్నుకొనబడిన కమిషనర్లో సూపర్వైజర్లో మండలిగా కూడి పన్నులు, రోడ్లు, చెఱసాలలు మున్నగువానిని గుఱించి నిర్ణయింతురు. వారి సభలు బహిరంగముగా జరుగును. విషయసూచికను ముందుగా ప్రకటింతురు. వచ్చినవారికి మాటలాడుటకు కొన్ని నిమిషముల వ్యవధి యిత్తురు. ఆ సూచికలలో ప్రక్కప్రక్కనే కానవచ్చునట్టి రెండు విషయములు ఈ వ్యాసమునకు మూలము. మొదటిది, ఏ భూమిలో ఏమి కట్టవచ్చును, ఏమి కట్టరాదు అని శాసించు జోనింగు నిబంధనల సవరణ. రెండవది, ఆసుపత్రిలోనే కూర్చుండి పేదరోగులచేత మెడికెయిడు దరఖాస్తులు పూర్తిచేయించు నుద్యోగుల నెందఱిని నియమింపవలయును, వారి జీత మెవరు భరింపవలయును అను విషయము.

ఒకటి భూమిని గుఱించినది, మఱియొకటి రోగమును గుఱించినది. వీనికేమి సంబంధమని చదువరు లడుగవచ్చును. మొదటి నిర్ణయము ఒక మనుష్యుడు మన పొరుగున నివసింపవచ్చునా యని తేల్చును. రెండవది, చట్టము తనకు ఇదివఱకే యిచ్చిన సహాయమును ఆ మనుష్యుడు వాస్తవముగా పొందగలడా యని తేల్చును. అది గోడ సంగతి. ఇది గుమ్మము సంగతి. ఈ రెండింటియందును ఫలము ననుభవింపవలసినవాడు నిర్ణయము జరుగు సభలో సామాన్యముగా నుండడు. ఇల్లు దొరకనివానికి ఆ కౌంటీలో ఇంకను చిరునామాయే లేదు. రోగి మంచముపై నున్నాడు. ఎదుట లేనివానియెడల మనకు గల ధర్మమెట్టిది? మేమిచట విచారింపదలచిన ప్రశ్న యిదియే.

ముందు గోడ సంగతి చూతము. జోనింగు పుట్టుక నిందింపదగినది కాదు. ఒకని యింటి కానుకొని తోళ్లు పదునుచేయు కార్ఖానా వెలసినచో వాని నిద్రయు ఆరోగ్యమును చెడును. 1915లో న్యూయార్కు నగరమున ఈక్విటబుల్ భవనము పూర్తియై చుట్టుపట్టుల వీథులపై పెద్దనీడ పఱచెను. మఱుసటి సంవత్సరముననే ఆ నగరము కట్టడముల యెత్తును, ఆకృతిని, ఉపయోగమును నిర్ణయించు నిబంధనలను చేసెను. నగరమంతటికిని వర్తించు సమగ్రమైన జోనింగు శాసనము ఆ దేశమున నదియే మొదటిది. అటుపిమ్మట 1926లో ఒహాయో రాష్ట్రమందలి యూక్లిడ్ గ్రామమునకు సంబంధించిన వ్యాజ్యెమున అమెరికా సుప్రీముకోర్టు ఇట్టి నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పెను. ఇతరులకు హాని కలుగకుండ నాపుటకు మాత్రమే సంఘము వ్యక్తిని నిర్బంధింపవచ్చునని జాన్ స్టూవర్టు మిల్లు 1859లో వాదించెను. ఆ కొలతబద్దతో చూచినను పొగ, దుర్గంధము, అగ్నిభయము, వరదనీటి కడ్డుపడు కట్టడము అనునవి నిజమైన హానులే. వాని నాపువాడు ధర్మము చేసినవాడే యగును.

కాని హాని వేఱు, అయిష్టము వేఱు. ఈ రెండింటి నడుమ నున్న గీటు సన్ననిది. దానిని దాటుట తెలియకయే జరుగును. యూక్లిడ్ తీర్పులోనే, వేర్వేఱు కుటుంబములు నివసించు పెద్ద అద్దెభవనమును, ఒంటి యిండ్ల వాడను ఆశ్రయించి బ్రతుకు బదనికతో పోల్చిరి. అద్దెభవనమున నుండువారు మనుష్యులే కదా! వారి నివాసము పొగగొట్టముతో సమానమెట్లయ్యెను? ఇచటనే గోడ తన మొదటి ప్రయోజనమును విడిచి వేఱొక ప్రయోజనమును చేపట్టినది.

అంతకు ముందే, 1917లో, కెంటకీ రాష్ట్రమందలి లూయీవిల్ నగరపు శాసన మొకటి సుప్రీముకోర్టు నెదుటికి వచ్చెను. తెల్లవా రధికముగా నున్న వీథిభాగములోనికి నల్లవారు క్రొత్తగా చేరి నివసింపరాదని, అట్లే నల్లవా రధికముగా నున్నచోటికి తెల్లవారు చేరరాదని అది శాసించుచుండెను. కోర్టు దానిని కొట్టివేసెను. అంతట జాతి పేరు జోనింగు శాసనమున నిలుచుట కష్టమయ్యెను. కాని ఆ పనిని కొంతవఱకు అడుగులును ఎకరములును చేయసాగినవి. ఒక్కొక్క యింటికి ఎకరమునకు తక్కువ కాని స్థలముండవలయుననియు, ఒక్క కుటుంబము మాత్రమే యుండు నిండ్లనే కట్టవలయుననియు వ్రాసినచో, పేదవాడు రారాదని ప్రత్యేకముగా వ్రాయనక్కఱలేదు. లెక్కయే వానిని వాకిటనే నిలిపివేయును. వ్రాసినవాని చేతికి మఱక యంటదు. చదివినవానికి తప్పు కనబడదు.

న్యూజెర్సీ రాష్ట్రమున బర్లింగ్టను కౌంటీలోని మౌంట్ లారెల్ వృత్తాంత మీ విషయమున మిక్కిలి బోధకరము. ఆ యూరి నిబంధనలు విశాలస్థలములలో ఒంటి యిండ్లనే ప్రోత్సహించెను. క్రొత్తగా కట్టు భవనములందు పడకగదుల సంఖ్యను సైతము తగ్గించి ఉంచుటకు ఏర్పాటులు చేసిరి. గదులు తక్కువైన పిల్లలు తక్కువగుదురు. పిల్లలు తక్కువైన బడిపన్ను తక్కువగును. బిడ్డను వ్యయముగా లెక్కించిన నిబంధన యది! తరతరములుగా ఆ యూరిలో నివసించిన నల్లజాతి కుటుంబములవారు తమ సంతానమునకు అచట నింటిని సంపాదింపలేని స్థితి యేర్పడెను. వారిలో నొకరైన ఎథెల్ లారెన్సు మున్నగువారు 1971లో వ్యాజ్యెము వేసిరి. ఆ రాష్ట్రపు సుప్రీముకోర్టు 1975లో నొక గొప్ప సిద్ధాంతమును ప్రకటించెను. ఒక యూరు తన ప్రస్తుతనివాసుల సౌకర్యమునే చూచుకొని నియమములు చేయరాదు. ఆ ప్రాంతమునకంతకును కావలసిన పేదల నివాసములలో తన న్యాయమైన పాలును భరింపవలయును అని దాని సారాంశము. ఆ తీర్పు ఆచరణకు రాకుండుటచే 1983లో కోర్టు మఱల గట్టిగా చెప్పవలసివచ్చెను. ఎథెల్ లారెన్సు 1994లో మరణించిరి. ఆమె పేర కట్టిన అద్దెయిండ్లలో మొదటి కుటుంబములు కాపురము పెట్టినది 2000వ సంవత్సరమున. వ్యాజ్యెమునకును ఇంటికిని నడుమ దాదాపు ముప్పది యేండ్లు గడచినవి. గెలిచిన హక్కు గృహముగా మాఱుటకు ఒక తరము పట్టినదన్నమాట.

రోగులను, దుర్బలులను గూడ ఈ గోడ విడువలేదు. టెక్సాసు రాష్ట్రమందలి క్లీబర్న్ నగరమున మనోవికాసము కొఱవడిన 13 మంది కలసి నివసించుటకు ఒక గృహము నేర్పఱుపదలచిరి. ఆసుపత్రులకు, వృద్ధుల పోషణాలయములకు, అద్దెభవనములకు అక్కఱలేని ప్రత్యేకానుమతి యీ యింటికి మాత్రము కావలయునని నగరము పట్టుపట్టి, పిమ్మట అనుమతి నిరాకరించెను. ఇరుగుపొరుగువారి విముఖతయు నిరాకరణమునకు చెప్పిన కారణములలో నొకటి. 1985లో సుప్రీముకోర్టు ఆ నిరాకరణమును త్రోసివేసెను. పొరుగువారి భయమును అయిష్టమును మాత్రమే యాధారము చేసికొని ప్రభుత్వము ఒకరిని వేఱుగా చూడరాదని యా తీర్పు భావము. హానికిని అయిష్టమునకును నడుమ నున్న గీటును ఇంతకన్న స్పష్టముగా గీయుట కష్టము.

ఇది పరదేశపు దోషమని మనము నిశ్చింతగా చదువుటకు వీలులేదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున ఇంటికిని ఇంటికిని నడుమ విడువవలసిన యెడము, మురికినీటి కాలువ, కిటికీల స్థానము మున్నగువానిని గుఱించిన మెచ్చదగిన నియమములు కలవు. అందే, దుర్గములో నే వర్ణమువా రే దిక్కున నివసింపవలయునో నిర్ణయించి, చండాలురను శ్మశానసమీపమున కంపిన నియమమును కలదు. హానిని ఆపు నియమమును, మనుష్యుని దూరముంచు నియమమును ఒక్క గ్రంథముననే యిమిడియున్నవి. మన పల్లెలలో మాలపల్లియు మాదిగవాడయు ఊరికి వెలుపల నుండుటకు ఏ పాలకమండలియు తీర్మానము చేయనక్కఱ లేకపోయెను. వ్రాయని గోడ వ్రాసిన గోడకన్న దృఢమైనది. వ్రాసినదానిని కోర్టులో ప్రశ్నింపవచ్చును. వ్రాయనిదానిని ముందు మనస్సులో పడగొట్టవలయును.

ఇక గుమ్మము సంగతి. 1965 జూలై 30వ తేదీన ప్రెసిడెంటు లిండన్ జాన్సను సంతకము చేసిన చట్టమువలన మెడికేరు, మెడికెయిడు అను రెండు వైద్యసహాయపద్ధతులు పుట్టినవి. మొదటిది ముఖ్యముగా వృద్ధులకు, రెండవది పేదలకు. మెడికెయిడు వ్యయమును కేంద్రప్రభుత్వమును రాష్ట్రములును కలసి భరించును. నేడు సుమారు 7 కోట్లమంది దీని యాశ్రయమున నున్నారు. ఎవరు అర్హులో చట్టము చెప్పును. కాని అర్హత యున్నంతమాత్రమున సహాయము వచ్చి ఇంట వాలదు. దరఖాస్తు వ్రాయవలయును. ఆదాయమునకు ఆధారములు, నివాసమునకు ఆధారములు, కుటుంబసభ్యుల వివరములు సమర్పింపవలయును. వానిని పరీక్షించి అర్హత నిర్ణయించు పని కాలిఫోర్నియా, న్యూయార్కు, ఉత్తర కారొలినా, ఒహాయో మున్నగు రాష్ట్రములలో కౌంటీ కార్యాలయములే చేయును. ఇట్లు దేశపు రాజధానిలో పుట్టిన చట్టము చివరకు ఒక కౌంటీ గుమాస్తా బల్లమీదికి దిగివచ్చును.

ఆ బల్ల రోగికి ఎంతదూరమున నున్నది? విషయమంతయు ఇందే యున్నది. గుండెనొప్పితో తెచ్చిన మనుష్యుని, చేత ధనము లేదని అత్యవసరవిభాగమునుండి త్రోసివేయరాదని 1986 నాటి చట్టము శాసించుచున్నది. కాని ప్రమాదము గడచిన పిమ్మటి చికిత్సకు ఆ చట్టము పూచీపడదు. చికిత్సకైన వ్యయమును మాపదు. ఆ మనుష్యుడు మెడికెయిడునకు అర్హుడై యుండియు ఎన్నడును దరఖాస్తు పెట్టియుండకపోవచ్చును. వాని భార్య బిడ్డలను విడిచి కౌంటీ కార్యాలయమునకు పోలేదు. పోయినను ఏ కాగితము కావలయునో తెలియదు. అట్టివేళ ఆసుపత్రిలోనే యొక యుద్యోగి వారి చెంత కూర్చుండి, ఇది వ్రాయుడు, ఇది తెండు, దీనికి బదులుగా ఇది చాలును అని చెప్పినచో, చట్టము చేసిన వాగ్దానము ఆ దినమున నెఱవేరుట కారంభమగును. ఈ యావశ్యకమును గుర్తించియే 1990 నాటి కేంద్రశాసనము, పేదరోగుల నధికముగా చూచు ఆసుపత్రులలోను, కొన్ని ప్రజావైద్యకేంద్రములలోను గర్భిణీస్త్రీల యొక్కయు పిల్లల యొక్కయు దరఖాస్తులను స్వీకరించు నేర్పాటు ఉండవలయునని రాష్ట్రములను ఆదేశించెను. కొన్ని చోట్ల ఆ యుద్యోగి జీతమును ఆసుపత్రియే భరించును. కొన్ని చోట్ల కౌంటీయు ఆసుపత్రియు ఒడంబడిక చేసికొందురు. మెడికెయిడు పరిపాలనవ్యయమున సామాన్యముగా సగమును కేంద్రము తిరిగి యిచ్చును. కావున కౌంటీ మండలి ముందుకు వచ్చు ప్రశ్న ధనమును గుఱించినంత పెద్దది కాదు, శ్రద్ధను గుఱించినది.

ఈ బల్ల లేనిచోట నేమగునో ఇటీవలి చరిత్ర చూపినది. 2018లో ఆర్కన్సా రాష్ట్రము కొందఱు మెడికెయిడు గ్రహీతలు నెలకు 80 గంటల పనిని నిరూపింపవలయునని నిబంధన పెట్టెను. ఆరంభమున ఆ నిరూపణమును అంతర్జాలము ద్వారమునే చేయవలసియుండెను. ఆ ద్వారమును రాత్రి 9 గంటలనుండి ఉదయము 7 గంటలవఱకు మూసియుంచెడివారు. కొలది నెలలలో సుమారు 18,000 మంది సహాయమును కోలుపోయిరి. 2019 మార్చిలో న్యాయస్థానము ఆ నిబంధనను నిలిపివేసెను. అది వర్తించినవారిలో మిక్కిలి పెద్దభాగము నిజముగా పనిచేయుచున్నవారో మినహాయింపునకు తగినవారో అని పరిశోధకులు పిమ్మట తేల్చిరి. వారు పనిలో తప్పలేదు, కాగితములో తప్పిరి. మఱల 2023లో, కరోనా కాలమున నిలిపియుంచిన అర్హతాపరీక్షలను రాష్ట్రములు ఆరంభింపగా, దేశమంతట రెండున్నర కోట్లకు పైగా జనుల పేర్లు మెడికెయిడునుండి తొలగింపబడినవి. వానిలో మూడింట రెండువంతులకు మించి తొలగింపులకు కారణము అర్హత లేదని తేలుట కాదు. కాగితము చేరలేదు, జవాబు రాలేదు, చిరునామా మాఱినది అనునట్టి కార్యవిధానలోపములు. 2025 జూలైలో చేయబడిన కేంద్రచట్టము పనినిరూపణ నిబంధనను 2027 జనవరి నాటికి పెక్కు రాష్ట్రములకు విస్తరింపజేయుటకు నిర్దేశించినది. 2010 నాటి చట్టముచే క్రొత్తగా చేరిన వయోజనులకు ఆఱునెలల కొకమాఱు అర్హతాపరీక్ష జరుపవలయునని విధించినది. ఆ చట్టము మంచిదో చెడ్డదో యను వాదమును రాజకీయపండితులకు విడిచెదము. కాగితము పెరిగినప్పుడు కాగితము వ్రాయించు చేతులను పెంపకుండుట న్యాయమా యని మాత్రము మే మడుగుచున్నాము.

ఈ చోట మాకు విష్ణుపురాణమందలి గృహస్థధర్మము జ్ఞప్తికి వచ్చుచున్నది. గృహస్థుడు నిత్యకర్మలు తీర్చుకొని, భోజనమునకు ముందు, ఆవును పిదుకునంత కాలము ముంగిట నిలిచి అతిథికై యెదురు చూడవలయునని అందు విధింపబడినది. వచ్చినవాని గోత్రమును, కులమును, విద్యను అడుగక సత్కరింపవలయుననియు చెప్పబడినది. ఈ రెండు మాటలలో ఎంత భావ మిమిడియున్నదో చూడుడు! తలుపు తట్టినవానిని కాదనకుండుట చాలునని ఆ ధర్మకర్త యనలేదు. లోపల కూర్చుండక ముంగిటికి రమ్మనెను. ఎందుకనగా ఆకలిగొన్నవాడు తలుపు తట్టుటకు సిగ్గుపడవచ్చును, తలుపెక్కడనో తెలియకపోవచ్చును. ఆసుపత్రిలో బల్లవేసికొని కూర్చుండు ఉద్యోగి సంఘము తరపున ముంగిట నిలిచిన గృహస్థుడే. కులగోత్రము లడుగరాదనుట గోడను గుఱించిన ధర్మము. ముంగిట నిలువవలయుననుట గుమ్మమును గుఱించిన ధర్మము. ఇట్టి వాక్యములను పారాయణము చేయుచునే మన పూర్వులు కొందఱిని ఊరి వెలుపల నుంచిరి. ధర్మము తెలియుట వేఱు, దానిని వాకిటివఱకు తెచ్చుట వేఱు అనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

ఇందుకు కొన్ని ఆక్షేపణలు కలవు. అవి తేలికగా త్రోసివేయదగినవి కావు.

మొదటి యాక్షేపణ గృహస్థునిది. జీవితమంతయు కష్టించి అప్పుతో ఇల్లు కొంటిని. పొరుగున పెద్ద అద్దెభవనము లేచి యింటివెల తగ్గినచో నా వార్ధక్యమునకు దిక్కేది యని అతడనును. ఇది లోభము కాదు, భయము. దానిని పరిహసించువాడు ధర్మవేత్త కాడు. కాని యతని భయమునకు సమాధానము మంచి కట్టుబాటు, తగిన రోడ్డు, చాలినంత మురుగుకాలువ; పొరుగువానిని లేకుండ చేయుట కాదు. మఱియు గృహస్థుడు తన యిల్లు శుభ్రము చేయుదాదికి, బిడ్డకు పాఠము చెప్పు నుపాధ్యాయునికి, తల్లికి మందిచ్చు పరిచారికకు ఎక్కడ నిల్లు దొరకవలయునో యోచింపవలదా? వారి శ్రమను పగలు కోరి, వారి నివాసమును రాత్రి నిషేధించుట యెట్టి న్యాయము? ఈ యాలోచనయే పనిచేసినదో, ఇండ్ల కొఱతయే యొత్తిడి చేసినదో కాని, మినియాపొలిసు నగరము 2018లోను, ఒరెగాను రాష్ట్రము 2019లోను ఒంటి యిండ్లకే ప్రత్యేకించిన వాడల నియమమును సడలించుటకు పూనుకొనెను.

రెండవ యాక్షేపణ స్వావలంబనమును గుఱించినది. హక్కు కావలసినవాడు తానే వచ్చి అడుగవలయును; ప్రతివాని చేయి పట్టుకొని నడిపించినచో జనులు సోమరు లగుదు రందురు. ఆరోగ్యవంతుని విషయమున ఇందు కొంత నిజము కలదు. కాని రోగము మనుష్యుని స్వావలంబనమునే ముందుగా హరించును. జ్వరముతో నున్నవానిని పరీక్షకు కూర్చుండబెట్టి తప్పినాడని చెప్పుట యోగ్యతానిర్ణయము కాదు. పైగా, ధనికుడు తన పన్నుల కాగితములను తానే వ్రాసికొనుచున్నాడా? వానికి లెక్కలు చూచు నిపుణుడు కలడు. సహాయకుని ఉంచుకొనుట ధనికునియందు వివేకమైనచో పేదవానియందు సోమరితన మెట్లగును?

మూడవ యాక్షేపణ స్థానికస్వపరిపాలనను గుఱించినది; మా యభిప్రాయమున నిదియే బలవత్తరమైనది. తమ యూరిని గుఱించి తాము నిర్ణయించుకొను నధికారము ప్రజలకు లేనియెడల ప్రజాప్రభుత్వ మెందుకు? సభకు వచ్చినవారే నిర్ణయింతురు, రానివారి కొఱకు ఎవరు మాటలాడుదురు? దీనికి మా సమాధాన మిది. సాయంకాలము సభకు వచ్చి మూడు నిమిషములు మాటలాడుటకు తీరిక, బండి, భాష, ధైర్యము కావలయును. ఇవి యున్నవాని కంఠము వినబడును. లేనివాని మౌనము అంగీకారముగా లెక్కింపబడును. మండలిసభ్యుడు ఎదుట నున్నవారి ప్రతినిధి మాత్రమే యగునెడల అతడు కంఠముల నెంచు లెక్కగాడు. ఎదుట లేనివానిని గూడ తలచినప్పుడే అతడు న్యాయము చేయువా డగును. తన స్థానమేదో ముందుగా నెఱుగనివాడు ఎట్టి నియమములను కోరునో ఊహించి న్యాయమును నిర్ణయింపవలయునని జాన్ రాల్సు అను అమెరికా తత్త్వవేత్త 1971లో ప్రతిపాదించెను. నేను రేపు ఇంటి యజమానిగా మేల్కొందునో, అద్దెయిల్లు వెదకువానిగా మేల్కొందునో, ఆసుపత్రి మంచముపై మేల్కొందునో తెలియనిచో నేడు నా చేయి ఏ తీర్మానమునకు లేచును? స్థానికాధికారమును ఈ ప్రశ్న తగ్గింపదు. దానికి కన్ను నిచ్చును.

ఈ విచారము మన తెలుగువారికి దూరమైనది కాదు. ఆ దేశమునకు వెళ్లిన తెలుగు కుటుంబములు నేడు గోడకు రెండు ప్రక్కలను నున్నవి. వారిలో పెక్కుమంది మంచి బడులున్న శివారు ప్రాంతములలో ఇండ్లు కొని, జోనింగు సభల ప్రకటనలను తపాలాలో అందుకొను గృహస్థులైరి. దేవాలయములు కట్టదలచినప్పుడు వారును అనుమతికై అట్టి సభల ముందు నిలిచినవారే. ప్రార్థనామందిరములను జోనింగు నిబంధనలు అన్యాయముగా అడ్డరాదని 2000వ సంవత్సరమున ఆ దేశపు శాసనసభ ప్రత్యేక చట్టము చేయవలసివచ్చినదన్నచో, అట్టి యడ్డంకులు ఎంత సామాన్యములో తెలియుచున్నది. ఆసుపత్రులలో తెలుగు వైద్యులు పలువురు కలరు. వారు ప్రతిదినమును చూచు రోగులలో మెడికెయిడు రోగులును కలరు. ఇచటినుండి శాశ్వతనివాసమునకై వెళ్లిన తలిదండ్రులకు, 1996 నాటి చట్టమువలన, సామాన్యముగా అయిదేండ్లవఱకు ఆ సహాయమునకు అర్హత లేదు. ఇట్లు గోడ వెలుపల నిలిచిన యనుభవమును, లోపల కాపురమున్న సుఖమును రెండును ఎఱిగినవారు, పొరుగున అద్దెయిండ్లకు అనుమతి ఈయవలదని కోరు పత్రముపై సంతకము చేయుటకు ముందు ఒక్క క్షణము ఆగవలయునని కోరుట తప్పగునా?

స్వదేశమున నున్నవారికిని పాఠము కలదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ ఆరంభమైనప్పుడు ఆసుపత్రులలో ఆరోగ్యమిత్రలను నియమించిరి. కార్డు చూచి, కాగితములు సరిచేయించి, రోగిని చికిత్సకు చేర్పించుట వారి పని. పెద్ద శస్త్రచికిత్స చేసిన వైద్యునికి జనులు దండము పెట్టుదురు. ఆ వైద్యునివఱకు రోగిని చేర్చినవాని పేరు ఎవరికిని జ్ఞప్తి యుండదు. ప్రభుత్వములు వ్యయము తగ్గింపదలచినప్పుడు ముందుగా కంటబడునదియు ఇట్టి చిన్న యుద్యోగమే. ఆసుపత్రి గోడలు అట్లే నిలిచియుండును, పథకము పేరు అట్లే యుండును, గుమ్మము మాత్రము మూసికొనును. మూసికొన్నట్లు ఎవరికిని తెలియదు.

కావున స్థానిక నిర్ణయములను విమర్శించు గృహస్థులకు మూడు ప్రశ్నలను మనవి చేయుచున్నాము. ఈ నియమము ఆపునది హానినా, మనుష్యునా? ఈ హక్కును పొందుటకు మిక్కిలి దుర్బలుడైనవాడు ఎన్ని మెట్లెక్కవలయును, ఆ మెట్లవద్ద చేయిచ్చువా డెవడైన కలడా? ఈ తీర్మానముచేత నష్టపోవువా డీ సభలో నున్నాడా, లేనియెడల వాని మాట మాలో నెవరైన పలికితిమా? ఈ మూడింటికిని తృప్తికరమైన సమాధానము దొరకినప్పుడు ఏ తీర్మానమైనను ధర్మమునకు దగ్గఱగనే యుండును. దొరకనప్పుడు, దానికి ఎన్ని వోట్లు వచ్చినను, అది కంఠము గలవారు కంఠము లేనివారిపై చేసిన నిర్ణయమే యగును.

చట్టసభలు హక్కుల నిచ్చుగాక, న్యాయస్థానములు వానిని కాపాడుగాక. ఆ హక్కు చివరి రెండు బారల దూరము నడచి మనుష్యుని చేరునా లేదా యనునది ఊరిపెద్దల చేతిలోను, వారి నెన్నుకొను మన చేతిలోను ఉన్నది. ఆ రెండు బారలును ఎవరో యొకరు నడువవలయును. నడువగలవాడు నడచుట న్యాయము. నడువలేనివానిని రమ్మని పిలిచి, రాలేదని వాని పేరు కొట్టివేయుట న్యాయము కాదు.